బకెట్‌లో ఎర్ర గీత

"ముందు ముక్కుకి గుడ్డ కట్టుకోవే ఎక్స్‌ప్రెస్! సుత్తి తర్వాత పట్టుకుందువుగాని."

ఎక్స్‌ప్రెస్ అంటే రైలు కాదు, నేనే. మా పెద్దమ్మ పెట్టిన పేరు అది. ఏ పని చేసినా వెనకాల ఎవరో తరుముతున్నట్టు చేస్తానని ఆవిడ కంప్లైంటు. అబద్ధమేం కాదు లెండి. నా స్నానం రెండు చెంబుల్లో అయిపోయేది, హోంవర్క్ పది నిమిషాల్లో. అప్పుడు నేను ఐదో తరగతి. ఆ రోజు శనివారం, బడికి సెలవు. మధ్యాహ్నం రెండు దాటింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. మా పక్కిల్లే. ఆవిడ బోన్సాయ్ చెట్లు చూసుకునేది. బోన్సాయ్‌ని చూసి మొక్క అనుకునేరు, చెట్టే. జానెడు ఎత్తుంటుంది, పళ్ళెం లాంటి కుండీలో నిలబడుతుంది, వయసు అడిగితే మాత్రం మీ నాన్నగారి కంటే పెద్దదని తేలుతుంది. అలాంటి చెట్లున్నవాళ్ళు వాటికి జబ్బు చేసినా, కుండీలో మట్టి మార్చాల్సి వచ్చినా పెద్దమ్మ దగ్గరికే తెచ్చేవాళ్ళు.

ఇంటి వెనక రేకుల షెడ్డే ఆవిడ ఆసుపత్రి. పొడుగాటి బల్ల, బల్ల కింద గోనెసంచులు, గోడకి మేకులు, మేకులకి రెండు జల్లెడలు. ఒకటి పెద్ద కళ్ళ జల్లెడ, ఒకటి సన్న జల్లెడ. ఆ రెండూ పెద్దమ్మవి. ఎవరూ ముట్టుకోకూడదు. ఆవిడ వంటింట్లోకెళ్ళి ఏ డబ్బా తెరిచినా ఏమీ అనేది కాదు గానీ, జల్లెడ మీద చెయ్యి వేస్తే ఒంటికాలి మీద లేచేది.

అలాంటిది ఆ రోజు జల్లెడ నాకిచ్చింది. ఎందుకంటే ముందు రోజు ఒక చెట్టు కొమ్మని వంచడానికి తీగ చుడుతుంటే తీగ జారి, ఆవిడ కుడిచేతి మూడు వేళ్ళు కోసుకుపోయాయి. ఇంత లావు కట్టు. జల్లెడ ఊపడం ఆవిడ వల్ల కాదు.

"చూడు. బోన్సాయ్‌కి మామూలు మట్టి పనికిరాదు" అంది పెద్దమ్మ. "ఇటుక ముక్కలు రెండు పాళ్ళు, గరుకు ఇసుక ఒక పాలు, మగ్గిన ఆకు ఎరువు ఒక పాలు. ముందు ఇటుక కొట్టు. కొట్టింది పెద్ద జల్లెడలో వెయ్యి. పైన మిగిలిన పెద్ద ముక్కలు మళ్ళీ సుత్తి కిందికే. కిందికి దిగింది తీసి సన్న జల్లెడలో వెయ్యి. దాని మీద ఏది ఆగుతుందో అది మనది. కింద రాలింది మనది కాదు."

"కింద రాలింది ఏం చెయ్యాలి?"

"కంచె పక్కన పారబొయ్యి. ఇసుక కూడా అంతే, ఎరువు కూడా అంతే. దుమ్ము చిటికెడు కూడా ఉండకూడదు. అర్థమైందా?"

"ఆఁ ఆఁ."

"ఒక్క 'ఆఁ' చాలు. రెండు 'ఆఁ'లు అన్నావంటే ఒక్కటి కూడా వినలేదన్నమాట."

తర్వాత ఒక బకెట్ తెచ్చి నా ముందు పెట్టింది. లోపల సగం ఎత్తులో ఎర్ర పెయింట్‌తో గీత ఉంది. "గీత దాకా నింపు. వాచీల తాతగారి చెట్టుకి అంతే పడుతుంది."

వాచీల తాతగారు మా వీధి చివర గడియారాలు బాగుచేసేవారు. ఆ ఉదయమే తన దానిమ్మ చెట్టుని పాత శాలువాలో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చి పెద్దమ్మ చేతికి ఇచ్చారు. ఆ చెట్టు కథ ఆయన అందరికీ చెప్పేవారు. నాకే నాలుగుసార్లు చెప్పారు. ముప్పై రెండేళ్ళ కిందట షాపులో కూర్చుని దానిమ్మ తింటుంటే ఒక గింజ జారి, మరలు వేసుకునే రేకు డబ్బాలో పడిందట. ఎన్ని రోజులైందో ఏమో, ఒక రోజు మర కోసం డబ్బా మూత తీస్తే తెల్లటి మొలక.

"మరలన్నీ తుప్పు పట్టాయి. మొలక మాత్రం బ్రహ్మాండంగా ఉంది!" అని నవ్వేవారు తాతగారు.

అప్పట్నుంచీ అది ఆయన బల్ల మీదే పెరిగింది. వాచీ విప్పే చిన్న పట్టకారుతోనే దాని పండుటాకులు ఏరేవారు. ఒంటికంటికి పెట్టుకునే భూతద్దంతోనే దాని మొగ్గలు లెక్కపెట్టేవారు. ఏడాదికి నాలుగైదు ఎర్రటి పూలు, గోళీ అంత కాయ ఒకటి. ఆ కాయ వచ్చినప్పుడు ఆయన షాపుకి వచ్చిన ప్రతి మనిషికీ చూపించి గానీ వదిలేవారు కాదు.

"నేను కట్టు మార్పించుకుని నాలుగింటికి వస్తా" అని పెద్దమ్మ చెప్పులు వేసుకుంది. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "నీ మీదే వదిలేసి వెళ్తున్నానే."

"నువ్వెళ్ళు పెద్దమ్మా. నాలుగింటికల్లా గీత దాకా నింపేస్తా."

నింపేస్తానన్నాను కదా, ఇక మొదలుపెట్టాను.

మొదటి అరగంట భలే ఉంది. ఇటుక మీద సుత్తి పడితే టప్పుమని రెండు ముక్కలు. పెద్ద జల్లెడ, చిన్న జల్లెడ, బకెట్. పెద్ద జల్లెడ, చిన్న జల్లెడ, బకెట్. మిరియం గింజలంత ఎర్రటి ముక్కలు బకెట్‌లో పడుతుంటే నాకు నేనే పెద్దమ్మలా అనిపించాను. నడుం మీద చెయ్యి కూడా పెట్టుకున్నాను.

రెండో అరగంటకి భుజాలు లాగేశాయి. ముక్కుకి కట్టిన గుడ్డ చెమటకి తడిసింది. బకెట్‌లోకి తొంగి చూద్దును గదా, గీతలో సగం కూడా లేదు! మరి ఇంతసేపూ నేను కొట్టిన ఇటుకంతా ఏమైంది? కింద తట్టలో ఉంది. సన్న జల్లెడలోంచి రాలిన దుమ్ము తట్ట నిండా కుప్ప పడింది. బకెట్‌లో కంటే తట్టలోనే ఎక్కువుంది. ఇది నాకు చచ్చేంత అన్యాయంగా తోచింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది.

"ఏమే! ఎక్కడ చచ్చావే!"

అది మైక్ గొంతు. మైక్ నా ఫ్రెండు. అది ఇంట్లో గుసగుసలాడితే వీధి చివర వినబడేది, అందుకే ఆ పేరు. "మా అన్నయ్య కొత్త సైకిల్! నాలుగింటిదాకానే ఇచ్చాడు! వస్తావా, నన్ను ఒక్కదాన్నే తొక్కుకోమంటావా?"

గోడ గడియారం చూశాను. మూడుంబావు. బకెట్ చూశాను. తట్ట చూశాను. ఆ దుమ్ము మాత్రం ఇటుక కాదా? నేను కొట్టింది కాదా? పెద్దమ్మది అంతా చాదస్తం అనుకున్నాను.

తట్ట ఎత్తి బకెట్‌లో బోర్లించాను.

ఇసుక జల్లించలేదు. ఎరువూ జల్లించలేదు. గుప్పిళ్ళతో తీసి పైన పోసి, మోచేతులదాకా దింపి కలిపేశాను. ఆకు ఎరువు నల్లగా, తడితడిగా ఉందేమో, దుమ్మంతా దానికి అంటుకుని కంటికి కనబడకుండా పోయింది. సరిగ్గా ఎర్ర గీత దాకా వచ్చింది. ఒక్క గింజ ఎక్కువ లేదు, ఒక్క గింజ తక్కువ లేదు. నేను సైకిల్ దగ్గరికి పరుగెత్తాను.

నాలుగింటికి పెద్దమ్మ వచ్చేసరికి నేను మోకాలు గీరుకుని, గేటు దగ్గర బుద్ధిమంతురాలిలా నిలబడి ఉన్నాను.

"అయిందా?"

"గీత దాకా!"

ఆవిడ షెడ్‌లోకి వెళ్ళి బకెట్ చూసింది. మామూలుగా అయితే పిడికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసేది. వేళ్ళకి దుమ్ము అంటితే మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ రోజు మూడు వేళ్ళకీ కట్టు, కట్టు మీద రబ్బరు గ్లౌజు. దేంతో నలుపుతుంది?

"అబ్బో! ఎక్స్‌ప్రెస్ అనుకున్నాను, గూడ్సు బండి కంటే నింపాదిగా చేశావే!" అని ఎడమచేత్తో నా తల నిమిరింది. "నేను జల్లెడ పట్టినా ఒక్కోసారి గీత దాకా రాదు తెలుసా?"

అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. పొగడ్త అలాంటిది మరి, ఒకసారి నెత్తిన పెట్టాక దించుకోబుద్ధి కాదు.

ఆ సాయంత్రమే పెద్దమ్మ దానిమ్మ చెట్టుని పాత కుండీలోంచి తీసి, వేళ్ళ చివర్లు కత్తిరించి, నా బకెట్‌లో మట్టి వేసి కొత్త కుండీలో నిలబెట్టింది. కుండీ మార్చిన చెట్టు మూడు వారాలపాటు మా షెడ్ నీడలోనే ఉండాలి. అది పెద్దమ్మ రూలు. వాచీల తాతగారికి చెట్టు లేకపోతే ఏమీ తోచదు కదా, షాపు మూసి వచ్చి దాన్ని చూసి వెళ్ళేవారు.

"ఈసారి మట్టి ఎవరు జల్లించారనుకున్నారు బాబాయ్‌గారూ? ఇదిగో, ఈవిడే!" అని పెద్దమ్మ నన్ను ముందుకి తోసింది.

"అలాగా బుజ్జమ్మా! మంచి పని చేశావమ్మా" అన్నారు తాతగారు. ఆయన నాకు చెయ్యి కూడా కలిపారు, పెద్దవాళ్ళకి కలిపినట్టు. మా అమ్మకి కూడా ఈ సంగతి తెలిసిపోయింది. ఆవిడ మందుల షాపులో పనిచేసేది. అక్కడ చెప్పింది. వీధిలో చెప్పింది. నేనేదో కప్పు గెల్చుకొచ్చినట్టు చెప్పింది.

వారం తిరిగింది. మళ్ళీ శనివారం. దానిమ్మకి చిట్టి చిట్టి ఎర్ర చిగుళ్ళు వచ్చి, ఎందుకో అక్కడే ఆగిపోయాయి. పెద్దమ్మ క్యానుతో నీళ్ళు పోసి అలాగే చూస్తూ నిలబడింది. నీళ్ళు దిగలేదు. కుండీ పైన చిన్న మడుగు కట్టి నిలబడ్డాయి.

"ఇదేంటి, నీళ్ళు దిగడం లేదు?" అని తనలో తనే అనుకుని, నా వైపు తిరిగింది. "జల్లెడ సరిగ్గానే పట్టావు కదూ?"

రెండు నిమిషాలు ఆలోచించుకుందామంటే అవతల ఆవిడ చూస్తోంది.

"పట్టాను" అన్నాను.

"దుమ్ము పారబోశావు కదా?"

"ఆఁ ఆఁ."

రెండు 'ఆఁ'లు అన్నాను. పెద్దమ్మ పట్టించుకోలేదు. నా మాట మీద అంత నమ్మకం ఆవిడకి. "అయితే మట్టిది తప్పు కాదు. వేళ్ళే ఎక్కువ కత్తిరించానేమో. ఒకసారి మార్చిన కుండీని వెంటనే మళ్ళీ కదపకూడదు, చెట్టు తట్టుకోదు. చూద్దాం" అంది.

కుండీని ఇంకొంచెం చల్లటి చోటికి జరిపింది. నీళ్ళు తగ్గించింది. కుండీ విప్పి చూడలేదు. నేను పట్టానన్నాను కదా, ఇంకెందుకు విప్పుతుంది?

మర్నాడు పెద్దమ్మ లోపల పడుకున్నప్పుడు నేను షెడ్‌లోకి వెళ్ళాను. రెండు ఖాళీ కుండీలు తీశాను. ఒక దాంట్లో ఉత్త ఇటుక ముక్కలు వేశాను. రెండో దాంట్లో ముక్కలతోపాటు దుమ్ము కూడా కలిపాను. రెండిటిలోనూ చెంబుడు చెంబుడు నీళ్ళు పోశాను. మొదటి దాంట్లో నీళ్ళు జర్రున దిగి కింది కన్నంలోంచి పోయాయి. రెండో దాంట్లో నిలబడిపోయాయి. ఎంతసేపు చూసినా అలాగే ఉన్నాయి. కాసేపటికి వేలు పెట్టి చూస్తే ముక్కల మధ్య సందులన్నీ బురదతో పూడిపోయి, ముద్ద ముద్దగా ఉంది.

వేళ్ళు నీళ్ళు తాగడమే కాదు, ఊపిరి కూడా పీలుస్తాయని పెద్దమ్మ ఎప్పుడో చెప్పింది. ముక్కల మధ్య సందులే వాటికి కిటికీలట. విన్నప్పుడు నవ్వాను. చెట్టుకి ముక్కుంటుందా అని వెక్కిరించాను కూడా. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. తాతగారి దానిమ్మకి నేనే కిటికీలన్నీ మూసేశాను.

అయినా చెప్పలేదు. మీరు నన్ను తిట్టుకోండి, ఫర్వాలేదు, నేనూ తిట్టుకున్నాను. రోజూ బడి నుంచి వస్తూ 'ఇవాళ చెప్పేస్తా' అనుకునేదాన్ని. గేటు తీసేసరికి నోరు పెగిలేది కాదు. జల్లించకపోవడం ఒక తప్పు. జల్లించానని అబద్ధం చెప్పాను కాబట్టి ఇప్పుడు రెండు. ఒక రోజు ఆగితే అదింకా పెద్దదయ్యేది. పెద్దదయ్యేకొద్దీ చెప్పడం కష్టమయ్యేది.

"కంచంలో ఆ కెలకడమేంటే? ఒంట్లో బాగాలేదా?" అనేది అమ్మ.

"ఆకలి లేదు."

"ఎక్స్‌ప్రెస్‌కి ఆకలి లేకపోవడమేంటి, విడ్డూరం!" అని నుదురు పట్టుకుని చూసేది. జ్వరం ఉంటే బాగుండేదనిపించేది నాకు.

ఈలోగా దానిమ్మ ఆకులు పసుపు పచ్చగా అయ్యాయి. తర్వాత రాలడం మొదలుపెట్టాయి. రోజూ పొద్దున్నే బల్ల మీద నాలుగు, ఐదు. పెద్దమ్మ వాటిని ఊడ్చేది కాదు. ఏరి, చేతిలో పెట్టుకుని చూసేది. ఆవిడ కట్టు విప్పేశారు గానీ వేళ్ళు ఇంకా సరిగ్గా వంగడం లేదు. ఒక రోజు ఆ వేళ్ళ వైపు చూసుకుంటూ, "ఈ చేత్తో కత్తెర పట్టకుండా ఉండాల్సింది" అంది. ఎవరితోనూ కాదు, తనతోనే. నేను పక్కనే కుండీలు కడుగుతున్నాను. తేలు కుట్టిన దొంగలా కడుగుతూనే ఉన్నాను.

నేను అబద్ధం చెప్పిన తొమ్మిది రోజులకి, సోమవారం సాయంత్రం వాచీల తాతగారు వచ్చారు. మధ్యలో ఆయనకి జలుబు చేసి వారంపాటు రాలేదు. వచ్చీ రాగానే జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నారు. మొగ్గలు లెక్కపెడదామని వచ్చారు పాపం. చెట్టు చూసి ఆగిపోయారు. భూతద్దం తీసేసి మామూలు కళ్ళతో చూశారు. మళ్ళీ పెట్టుకుని చూశారు.

"బాబాయ్‌గారూ, తప్పు నాదే" అంది పెద్దమ్మ. ఆవిడ గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "వేళ్ళు ఎక్కువ కత్తిరించినట్టున్నాను. చెయ్యి బాగాలేనప్పుడు ఒప్పుకోకుండా ఉండాల్సింది. మీకు ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు. ఇకమీదట ఇతరుల చెట్లు తీసుకోను. ఈ చేతుల మీద నాకే నమ్మకం పోయింది."

తాతగారు రాలిన ఆకు ఒకటి పట్టకారుతో తీసి బల్ల మీద పెట్టారు.

"నువ్వు కావాలని చేశావా అమ్మా? అలా అనకు. గడియారం ఆగిపోతే విప్పి చూస్తాం, ఎక్కడ ఏం పట్టేసిందో తెలుస్తుంది. చెట్టుని అలా విప్పి చూడలేం కదా."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నారు. నాకే ఎందుకో ఇక దాచడం చేతకాలేదు.

"విప్పి చూడు పెద్దమ్మా!" అని అరిచాను. "విప్పి చూడు! నీ తప్పు కాదు. నేను దుమ్ము పారబొయ్యలేదు. తట్టతో సహా బకెట్‌లో పోసేశాను. గీత దాకా రావాలని. సైకిల్ తొక్కడానికి వెళ్ళాలని. నువ్వు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. ఇసుక కూడా జల్లించలేదు..."

ఇంకా ఏమేం చెప్పానో గుర్తులేదు. ఏడుపులో సగం మాటలు ముక్కులోంచి వచ్చాయి. పెద్దమ్మ నన్ను తిట్టలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. కుండీ దగ్గరికి వెళ్ళి, చెట్టు కదలకుండా కింద కట్టిన తీగ కత్తిరించి, చెట్టుని ఎత్తింది.

బురద ముద్ద మొత్తం ఊడి వచ్చింది. మురుగు కాలువ వాసన కొట్టింది. పెద్దమ్మ దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి మెల్లగా కడిగింది. వేళ్ళు ఎర్రగా, గట్టిగా ఉండాలి. ఇవి నల్లగా, మెత్తగా ఉన్నాయి. పట్టుకుంటే పైతొక్క జారిపోయి చేతిలోకి వచ్చేస్తోంది. ఆవిడ కుళ్ళినవన్నీ ఒక్కొక్కటే కత్తిరించింది. ఎడమవైపు ఏమీ మిగల్లేదు. కుడివైపు మాత్రం పిడికెడు బతికున్నాయి.

"వారం ముందు తెలిసుంటే..." అంది పెద్దమ్మ. మాట పూర్తి చెయ్యలేదు.

పూర్తి చెయ్యక్కర్లేదు. నాకు అర్థమైంది. వారం ముందు ఆవిడ నన్ను అడిగింది. అప్పుడు నేను నిజం చెప్పి ఉంటే ఆ రోజే కుండీ విప్పేది.

చెట్టుని తడిగుడ్డలో చుట్టి, పెద్దమ్మ గోడ మీంచి జల్లెడ తీసింది. అప్పటికప్పుడు కొత్త మట్టి కావాలి కదా. ఇటుక ముందు కూర్చుంది. వంగని వేళ్ళతో సుత్తి పట్టుకుంది.

"నేను పట్టనా పెద్దమ్మా?"

"వద్దు."

అంతే. ఒక్క మాట. గట్టిగా కూడా అనలేదు. ఆవిడ నన్ను నాలుగు దెబ్బలు వేసి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. ఆ "వద్దు" మాత్రం ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

తాతగారు చొక్కా చేతులు మడిచి జల్లెడకి రెండో పక్క పట్టుకున్నారు. వాళ్ళిద్దరూ చీకటి పడేదాకా జల్లించారు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. సన్న జల్లెడలోంచి దుమ్ము రాలుతుంటే పెద్దమ్మ ప్రతిసారీ తట్ట తీసుకెళ్ళి కంచె పక్కన పారబోసి వచ్చింది.

చెట్టు చచ్చిపోలేదు. అలాగని బతికిందనీ చెప్పలేను. కుడివైపు సగానికి నెమ్మదిగా చిగుళ్ళు వచ్చాయి. ఎడమవైపు పెద్ద కొమ్మ ఎండిపోయింది. ప్రతి ఏడాదీ పూలు పూసేది, గోళీ అంత కాయ కాసేది ఆ కొమ్మే.

చెట్టుని తీసుకెళ్ళడానికి వచ్చిన రోజున పెద్దమ్మ తాతగారిని అడిగింది. "ఎండుకొమ్మ కోసెయ్యమంటారా? లేకపోతే బెరడు తీసి అలాగే ఉంచుదామా? బోన్సాయ్‌లో అలా ఉంచడం కూడా ఉంది."

తాతగారు ఆ కొమ్మని వేలితో నిమిరారు. "ఉండనివ్వమ్మా. ముప్పై రెండేళ్ళ కొమ్మ. కోస్తే నాకే బోసిగా ఉంటుంది."

నేను ఆయన ముందుకెళ్ళి "క్షమించండి తాతగారూ" అన్నాను. అంతకుముందు వందసార్లు మనసులో అనుకున్న మాట. పైకి వచ్చేసరికి చీమంత అయిపోయింది. ఆయన నా తల మీద చెయ్యి వేశారు. "సరేలే బుజ్జమ్మా" అన్నారు గానీ ఆ రోజు నాకు చెయ్యి కలపలేదు. చెట్టుని శాలువాలో చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ ఏడాది పూలు లేవు. బడికి వెళ్ళే దారిలో ఆయన షాపు అద్దంలోంచి ఆ కొమ్మ తెల్లగా, ఎముకలా కనబడేది. నేను అవతలి పక్కకి దాటి, బ్యాగు వైపు చూసుకుంటూ నడిచేదాన్ని.

పెద్దమ్మ నాతో మాట్లాడటం మానలేదు. నవ్వేది, తిట్టేది, బిస్కెట్లు పెట్టేది. షెడ్‌లో పని కూడా చెప్పేది. కుండీలు కడుగు, తీగలు చుట్టలు చుట్టు, ఆకులు ఊడ్చు. జల్లెడ మాత్రం ఇచ్చేది కాదు. ఎక్స్‌ప్రెస్ అని పిలవడం కూడా మానేసింది. నేనూ అడగలేదు.

మరుసటి ఏడాది చలి తగ్గాక, ఒక శనివారం మధ్యాహ్నం వాచీల తాతగారు శాలువా మూటతో వచ్చారు. కుళ్ళిన వేళ్ళు కోసిన చెట్టు కాబట్టి ఒక్క ఏడాదికే మళ్ళీ మట్టి మార్చాలని పెద్దమ్మే రమ్మంది. మూట విప్పి బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చున్నారు.

"మట్టి ఎవరు జల్లిస్తారమ్మా ఈసారి?" అని అడిగారు.

పెద్దమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది. రెండు జల్లెడలూ తీసి, వచ్చి నా ముందు పెట్టింది. పక్కన బకెట్ పెట్టింది. లోపల ఎర్ర గీత అలాగే ఉంది.

"గీత దాకా కావాలి" అంది.

ఇటుక కొట్టాను. పెద్ద జల్లెడ పట్టాను. సన్న జల్లెడ పట్టాను. ఒకసారి పట్టింది మళ్ళీ పట్టాను. తట్ట నిండగానే కంచె పక్కన పారబోశాను. ఇసుక జల్లించాను, పారబోశాను. ఎరువు జల్లించాను, పారబోశాను. గేటు దగ్గర మైక్ అరిచింది, "వస్తావా లేదా!" అని.

"నువ్వెళ్ళవే! నాకింకా ఉంది!" అని నేనూ అంత గట్టిగానే అరిచాను. తాతగారు చెవులు మూసుకున్నారు.

తీసి పెట్టుకున్న ఇటుకంతా అయిపోయింది. బకెట్‌లోకి చూశాను. గీతకి నాలుగు వేళ్ళ కింద ఆగిపోయింది. బకెట్ కదిపి, సర్ది చూశాను. నాలుగు వేళ్ళు నాలుగు వేళ్ళే.

రెండు చేతులతో బకెట్ ఎత్తుకుని వెళ్ళి పెద్దమ్మ ముందు పెట్టాను.

"పెద్దమ్మా, గీత దాకా రాలేదు. నాలుగు వేళ్ళు తక్కువొచ్చింది."

పెద్దమ్మ బకెట్ చూసింది. ఆవిడ కుడిచెయ్యి బకెట్ వైపు వచ్చింది, పిడికెడు తీసి నలిపి చూడటానికి. మూడు వేళ్ళ మీదా తెల్లటి గీతల్లా పాత మచ్చలున్నాయి. ఆ చెయ్యి సగం దూరం వచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది.

"తక్కువైతే ఇంకో ఇటుక కొట్టవే ఎక్స్‌ప్రెస్" అంది.

"నెమ్మదిగా కొట్టమ్మా. నాకేం తొందర లేదు" అన్నారు తాతగారు, బల్ల మీది చెట్టుని ఒళ్ళోకి తీసుకుని.

నేను ముక్కుకి గుడ్డ మళ్ళీ కట్టుకున్నాను. సంచిలోంచి ఇంకో ఇటుక తీసి సుత్తి పట్టుకున్నాను.